ముందే కట్టిన రెండు పిక్కలు

నిన్న రాత్రి మా హోల్డెమ్ పోకర్ ఆటలో పెద్ద బ్లైండు, అంటే ముక్కలు పంచకముందే తప్పనిసరిగా వేయాల్సిన రెండు చింతపిక్కలు, కట్టి కూర్చున్నప్పుడు నాకు రెండు నాలుగులు వచ్చాయి. ఇస్పేటు నాలుగు, డైమను నాలుగు. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలువలు కట్టేశారు, పొద్దుపోయినా గాలి లేదు. అరుగు మీద చాప, చాప మీద దుప్పటి, మధ్యలో ఇత్తడి పళ్లెం, చుట్టూ ఏడుగురం. బావ పందెం పెంచాడు. పోస్టుమాస్టరు గారు, అన్నయ్య, మేనల్లుడు ముగ్గురూ దానికి సరిపడా వేసి ఆటలోకి వచ్చారు. నా వంతు వచ్చేసరికి పళ్లెంలో 19 పిక్కలున్నాయి. అందులో రెండు నేను కట్టినవే. ఇంకో రెండు వేస్తే ఆటలో ఉంటాను.

ఈ చిన్న జతల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రెండు నుంచి ఆరు దాకా ఉన్న జతల్నే నేను చిన్న జతలంటాను. అవి బ్లైండు స్థానంలో చేతికి వచ్చినప్పుడు మనిషి బుద్ధి ఎంత తేలిగ్గా పక్కకు పోతుందో పదిహేనేళ్లుగా ఈ అరుగు మీదే చూస్తున్నాను.

ముందు మా ఆట సంగతి చెప్పాలి. నేను 11 ఏళ్లు సరుకు ఓడల్లో ఫిట్టరుగా పనిచేశాను. అక్కడి భోజనాల గదిలో ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు హోల్డెమ్ పోకర్ ఆడేవారు. ఎంతైనా కట్టుకోవచ్చనే ఆటను మా చీఫ్ ఇంజనీరు ఒప్పుకునేవాడు కాదు. ఒకడి ఆరునెలల జీతం ఒక్క రాత్రిలో పోతే మర్నాడు వాడితో యంత్రాల దగ్గర పనిచేయించడం ప్రమాదమని ఆయన భయం. అందుకని లిమిట్ ఆట ఒక్కటే ఉండేది. పందెం ఎంతో ముందే ఖరారు, ఎవరూ దాన్ని దాటడానికి లేదు. ఆ ఆటే నాతో రాజోలు దాటి, సముద్రం వైపున్న మా ఊరికి వచ్చింది.

ఇక్కడ అది స్థిరపడింది 2011లో. ఆ ఏడు కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. నాట్లు పడాల్సిన రోజుల్లో పొలాలు ఖాళీగా ఉన్నాయి, మగవాళ్లు అరుగుల మీద ఖాళీగా ఉన్నారు. ఆ ఖాళీ భరించలేక మా బావ, అంటే మా అక్క భర్త, "నీ ఓడ ఆట ఏదో నేర్పించు" అన్నాడు. ఆయన లెక్కల లెక్చరరుగా చేసి రిటైరైనవాడు. నాలుగు రోజుల్లో నాకంటే బాగా లెక్క కట్టడం మొదలుపెట్టాడు.

మా ఆటలో డబ్బు ఎప్పుడూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పోకర్, రమ్మీలను 2020లో నిషేధించారు. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ చట్టం తెచ్చింది. వాటి మాట రాకముందునుంచీ మా పళ్లెంలో చింతపిక్కలే. ఏటా వేసవిలో కొత్త చింతపండు కొట్టినప్పుడు అక్క మంచి పిక్కలు ఏరి, కడిగి, ఎండబెట్టి డబ్బాలో పోస్తుంది. మనిషికి వంద. నెల చివర ఎవరి దగ్గర తక్కువ ఉంటే వాళ్లు ఆత్రేయపురం పూతరేకులు తేవాలి. పిక్కలే కదా అని ఎవరూ తేలిగ్గా వేయరు. ఒక్క పిక్క కోసం పోస్టుమాస్టరు గారు రెండు నిమిషాలు ఆలోచించడం నేను గౌరవంతో చూస్తాను.

మూడు ముక్కలాట తెలిసినవాళ్లకు బ్లైండు అనే మాట దగ్గరే చిక్కు వస్తుంది. అక్కడ బ్లైండు అంటే ముక్కలు చూడకుండా ఆడడం. ఇక్కడ అది కాదు. ముక్కలు పంచేముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టాల్సిన పందెం ఇది. పంచే స్థానానికి ఎడమపక్క మనిషి చిన్న బ్లైండు, ఆ తర్వాతి మనిషి పెద్ద బ్లైండు. మా ఆటలో చిన్నది ఒక పిక్క, పెద్దది రెండు. మొదటి రెండు విడతల్లో పందెం రెండేసి పిక్కలు, చివరి రెండు విడతల్లో నాలుగేసి. ఒక్కో విడతలో ఒక పందెం, దాని మీద మూడు పెంపులు, అంతే. అందరికీ రెండేసి ముక్కలు చేతికి. తర్వాత మూడు ముక్కలు అందరికీ ఉమ్మడిగా ఒకేసారి పళ్లెం పక్కన తెరుస్తారు, అది ఫ్లాప్. నాలుగోది టర్న్. అయిదోదాన్ని అందరూ రివర్ అంటారు, మా అరుగు మీద దాని పేరు గోదావరి. "గోదావరి తెరవండి" అంటారు పోస్టుమాస్టరు గారు.

బ్లైండు స్థానంలో ఉన్నవాడికి మొదటి విడతలో ఒక సౌకర్యం ఉంది. అందరూ ఏం చేశారో చూశాకే అతని వంతు వస్తుంది. ఆ తర్వాత మూడు విడతల్లోనూ అతనే ముందు నోరు విప్పాలి. నా పొలం కాలువ చివర ఉంది కాబట్టి ఇది నాకు వెంటనే అర్థమైంది. శివారు రైతు పైవాళ్లందరి నాట్లూ అయ్యాక, మిగిలిన నీళ్లు చూసుకుని దిగుతాడు. కానీ వాన ముంచినప్పుడు డ్రెయిను పొంగి మొదట మునిగేది అతని చేనే.

ఇప్పుడు అంకెలు. చేతికి ఏదో ఒక జత రావడం 17 సార్లకు ఒకసారి. రెండు నుంచి ఆరు దాకా చిన్న జత అయితే 44 సార్లకు ఒకసారి. జత చేతిలో ఉండగా మూడోది ఫ్లాప్‌లో పడితే అది సెట్టు, రమ్మీ ఆడేవాళ్లకు తెలిసిన మాటే. మన రెండు ముక్కలు పోగా మిగిలిన 50 ముక్కల్లోంచి ఫ్లాప్ 19,600 రకాలుగా పడవచ్చు. వాటిలో మనకు కావలసిన ముక్క ఉన్నవి 2,304. బావ ఇది పంచాంగం వెనక అట్ట మీద వేసి చూపించాడు. అంటే ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. ఒకసారి దొరికితే ఏడున్నర సార్లు దొరకదు. కాబట్టి వేసే ఒక పిక్కకు పళ్లెంలో ఏడున్నర ఉంటే, ఇంకేమీ ఆలోచించకుండానే సరిపోతుంది.

నా ముందు రెండు పిక్కలకు 19 ఉన్నాయి. ఒకటికి తొమ్మిదిన్నర. వేశాను.

ఫ్లాప్‌లో ఆసు, తొమ్మిది, కళావరు నాలుగు పడ్డాయి. సెట్టు. ఇక్కడ చేసే పని పెంచినవాడు ఎటువైపు కూర్చున్నాడన్నదాని మీద ఆధారపడుతుంది. దీన్ని నేను ఓడ మీద తప్పుగా నేర్చుకుని చాలాకాలం తప్పుగానే ఆడాను. నా ఎడమపక్కన అక్క, ఆమె అప్పటికే ముక్కలు పడేసింది. ఆ పక్కన బావ. అంటే నా తర్వాత మాట్లాడేది ఆయనే. నేను ముందు కడితే ఆయన పెంచుతాడు. అప్పుడు వెనకున్న ముగ్గురూ ఒకేసారి నాలుగు పిక్కలు వేయాల్సివచ్చి బెదిరి వెళ్లిపోతారు. అందుకని చెక్ అన్నాను, అంటే ఏమీ కట్టకుండా వంతు వదిలాను. బావ రెండు కట్టాడు. పోస్టుమాస్టరు గారు, మేనల్లుడు రెండేసి వేశారు, అన్నయ్య పడేశాడు. వంతు నా దగ్గరికి తిరిగి వచ్చాక నాలుగు చేశాను. ఇప్పటికే రెండు వేసినవాళ్లు ఇంకో రెండుకు వెనకాడరు. ముగ్గురూ వేశారు. అదే బావ నా కుడివైపు చివర ఉండి ఉంటే నేనే ముందు కట్టేవాణ్ణి. మధ్యవాళ్లు రెండేసి వేసి ఇరుక్కున్నాక ఆయన పెంచేవాడు, దాని మీద నేను మళ్లీ పెంచేవాణ్ణి.

టర్న్‌లో ఏడు. నాలుగు కట్టాను, మేనల్లుడు వెళ్లిపోయాడు. గోదావరిలో రాణి. మళ్లీ నాలుగు కట్టాను. పోస్టుమాస్టరు గారు పడేశారు. బావ చూడాల్సిందే అని వేసి, ఆసు రాజు తిప్పి చూపించాడు. పళ్లెంలో 57 పిక్కలు, అందులో నావి 16.

హద్దు లేని ఆటలో అయితే బావ దగ్గరున్న కుప్పంతా నాకు వచ్చేదేమో. లిమిట్‌లో అలా రాదు. టర్న్, గోదావరి రెండూ కలిపి ఆయన ఇచ్చింది ఎనిమిది పిక్కలు. సెట్టు పడితే ఎదుటివాడి గాదె మొత్తం ఖాళీ చేయవచ్చన్న లెక్కతో అక్కడ చిన్న జతల్ని ఆడతారు. అది ఇక్కడికి తెచ్చుకుంటే నష్టం. ఇక్కడ ఒక్కొక్కరు ఇచ్చేది కొంచెమే. అందుకే ఇచ్చేవాళ్లు ఎక్కువమంది కావాలి. 57 పిక్కలు అయ్యాయంటే అది నా సెట్టు గొప్పతనం కాదు, నలుగురు వచ్చి కూర్చోవడం వల్ల అయ్యాయి.

చిన్న బ్లైండు కథ వేరు. అక్కడే నేను ఎక్కువ పోగొట్టుకున్నాను.

అందులో తేలికైన సందర్భం ముందు చెబుతాను. ఎవరూ పెంచలేదు, ముగ్గురు రెండేసి పిక్కలు వేసి వచ్చారు. వాళ్లవి ఆరు, పెద్ద బ్లైండు రెండు, నాది ఒకటి, మొత్తం తొమ్మిది. నేను ఇంకొక్క పిక్క వేస్తే చాలు. ఇది కళ్లు మూసుకుని వేయవచ్చు.

కష్టమైనది ఇంకొకటి. ముందొకరు పెంచారు, ఇంకొకరు దానికి సరిపడా వేశారు. నా చేతిలో రెండు మూడులు. పళ్లెంలో నాలుగూ నాలుగూ ఎనిమిది, పెద్ద బ్లైండు రెండు, నాదొకటి, 11 పిక్కలు. నేను వేయాల్సింది మూడు. ఒకటికి నాలుగు కూడా లేదు. నా వెనక పెద్ద బ్లైండు మనిషి మళ్లీ పెంచితే ఇంకా ఇవ్వాలి. పైగా చివరిదాకా ప్రతి విడతలోనూ ముందు మాట్లాడాల్సింది నేనే. ఇవన్నీ తెలిసి కూడా ఏళ్ల తరబడి ఆ మూడు వేశాను. ఒకటి కట్టేశాను కదా, అది ఊరికే పోతుందేమోనని. జతను చేతిలో చూసుకుని పడేయడానికి మనసు వచ్చేది కాదు.

ఒకసారి అక్క అడిగింది. అప్పటికి ఆమె ఆటలో చేరి ఏడాదైనా కాలేదు.

"ఆ పిక్క ఎవరిది?"

"నాదే కదా అక్కా."

"ముక్కలు పంచకముందే పళ్లెంలో వేశావు. ఇక నీదెలా అవుతుంది? నీ చేతిలో ఉన్నవి ఆ మూడే. వాటి గురించి ఆలోచించు."

నేను జవాబు చెప్పలేదు. నాకు 2011 జూన్ గుర్తొచ్చింది. దుక్కి దున్నించాం, విత్తనాలు తెచ్చిపెట్టుకున్నాం. డ్రెయిన్లు పూడిపోయి ఉన్నాయి, ధాన్యం ధర ఖర్చులకే చాలడం లేదు. దున్నిన ఖర్చు పోతుందని నాట్లు వేయాలా అని మా ఇంట్లో రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. దున్నిన డబ్బు వేసినా రాదు, మానినా రాదు. నాటు కూలి, ఎరువు, కోత కూలి ఇంకా మన చేతిలో ఉన్నాయి, వాటి సంగతి ఆలోచించండి అని అప్పుడు మా నాన్నతో గట్టిగా వాదించింది నేనే. ఎకరం నేల దగ్గర తెలిసిన విషయం ఒక్క చింతపిక్క దగ్గర నాకు తోచలేదు. ఆ రాత్రినుంచి చిన్న బ్లైండులో అలాంటి చోట చిన్న జతను పడేయడం నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి రెండు వేసవులు పట్టింది.

ఫ్లాప్‌లో మూడోది పడకపోతే ఏం చేయాలన్నది నలుగురైదుగురు ఉన్న ఆటలో సులభం. మన ముక్కలు ఇంకా రెండే మిగిలాయి, కనపడని ముక్కలు 47. తర్వాతి ముక్కకు ఒకటికి ఇరవై రెండున్నర ఉండాలి, అంత పళ్లెం మా అరుగు మీద ఎప్పుడోగాని అవదు. పడేయడమే. పైన రాజో రాణో పడి ముగ్గురు పందెం కడుతుంటే నాలుగుల జతే పైచేయి అనుకోవడం ఆశ తప్ప ఇంకేమీ కాదు.

ఎదుట ఒక్కడే ఉన్నప్పుడు ఈ లెక్కంతా తలకిందులవుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన సందర్భం అదే. చాలామంది తప్పు చేసేదీ అక్కడే. అందరూ పడేశారు, పంచే స్థానంలో ఉన్న మేనల్లుడు పెంచాడు, చిన్న బ్లైండు పడేసింది. పెద్ద బ్లైండులో నా చేతిలో రెండు అయిదులు. పళ్లెంలో ఏడు పిక్కలు, నేను వేయాల్సింది రెండు. సెట్టు కోసమే అయితే ఇది చాలదు. కానీ ఇక్కడ సెట్టు అవసరం లేదు. అందరూ తప్పుకున్నాక ఆ కుర్రాడు దేనితోనైనా పెంచుతాడు. జత లేని రెండు ముక్కలు ఫ్లాప్‌లో జత కావడం మూడుసార్లకు ఒకసారి. మిగిలిన రెండుసార్లు నా అయిదులే పైన.

పోయిన నెల అదే జరిగింది. పళ్లెంలో తొమ్మిది. ఫ్లాప్‌లో రాజు, ఎనిమిది, మూడు. నేను చెక్ అన్నాను, వాడు రెండు కట్టాడు. చివరిదాకా చూడాలంటే నాకయ్యేది రెండూ నాలుగూ నాలుగూ పది. గెలిస్తే వచ్చేది పళ్లెంలోని తొమ్మిది, వాడు వేసే పది, మొత్తం 19. మూడుసార్లకు ఒకసారి కంటే కాస్త ఎక్కువగా నా జత నిలబడితే చాలు. రాజు పడిందని బెదిరి లేచిపోతే వాడు ప్రతిసారీ అలాగే కడతాడు. వేశాను. టర్న్‌లో ఇంకో ఎనిమిది. మళ్లీ నాలుగు కట్టాడు, మళ్లీ వేశాను.

గోదావరి తెరిచారు. ఇంకో రాజు.

చిన్న జతకే పట్టే కీడు ఇది. పళ్లెం పక్కన రెండు రాజులు, రెండు ఎనిమిదులు. ఆ రెండు జతలూ ఇద్దరికీ ఉమ్మడి. మంచి అయిదు ముక్కలే లెక్కకు వస్తాయి కాబట్టి నా అయిదుల జత చెల్లకుండా పోయింది, అయిదో ముక్కగా ఒక అయిదు మాత్రం మిగిలింది. వాడి దగ్గర ఆరు ఉన్నా నామీద గెలుస్తాడు. వాడు నాలుగు కట్టాడు. చివరిదాకా వేద్దామనుకున్న లెక్క ఆ ముక్కతోనే మారిపోయింది. పడేశాను. వాడు ఆసు, జాకీ చూపించాడు. టర్న్ దాకా నాదే పైచేయి. పది పిక్కలు పోయాయి.

"మావయ్యా, రాజు చూసి కూడా ఎందుకు వేశావు?" అన్నాడు.

"నీ దగ్గర రాజు లేదని."

"ఉంటే?"

"ఉంటే పోయేవి. మళ్లీ వచ్చినా అలాగే వేస్తాను."

వాడు తండ్రి వైపు చూశాడు. బావకు ఇలాంటి మాట దొరికితే చాలు. ఇద్దరు మాత్రమే ఆడే లిమిట్ హోల్డెమ్‌ను కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంవాళ్లు దాదాపు పూర్తిగా ఛేదించారని, 2015 జనవరిలో సైన్స్ పత్రికలో అది వచ్చిందని ఆయన మాకు వందసార్లు చెప్పి ఉంటాడు. వాళ్ల కంప్యూటరు ప్రోగ్రాం పేరు సీఫియస్. 4,800 ప్రాసెసర్ల మీద రెండు నెలలకు పైగా తనతో తానే ఆడుకుని నేర్చుకుంది. మనిషి జీవితకాలమంతా కూర్చుని ఆడినా దాన్ని ఓడించానని రుజువు చేయలేనంత దగ్గరగా వచ్చింది. రెండు వైపులా తప్పు లేకుండా ఆడితే పంచే స్థానంలో ఉన్నవాడికి వెయ్యి ఆటలకు సుమారు 88 పెద్ద బ్లైండ్ల లాభం ఉంటుందని తేలింది. ఎదుట పెద్ద బ్లైండులో కూర్చున్నవాడికి అంత నష్టం. ఈ ఒక్క విషయం నాకు ఎంతో ఊరట ఇచ్చింది. ఎదుటివాడూ తప్పు లేకుండా ఆడితే, పెద్ద బ్లైండులో కూర్చున్నవాడు ఎంత బాగా ఆడినా మొత్తం మీద పోగొట్టుకుంటాడు. అక్కడ మన పని ఆ పోయేదాన్ని తగ్గించుకోవడమే. పది పోవలసిన చోట ఆరు పోతే, ఆ నాలుగు పిక్కలు సంపాదించినట్టే.

చిన్న బ్లైండులో ఉండగా పంచేవాడు ఒక్కడే పెంచితే ఏం చేస్తావని మేనల్లుడు అడిగాడు. అయిదులో ఆరులో అయితే నేను మళ్లీ పెంచుతాను, పెద్ద బ్లైండును లేపేసి ఇద్దరమే మిగలడానికి. రెండులైతే పడేస్తాను. ఊరికే సరిపెట్టి, వెనకాయనకు చవగ్గా దారి ఇచ్చి, ముగ్గురి మధ్య చిన్న జతతో ముందు మాట్లాడుతూ కూర్చోవడం నాకు నచ్చదు. మూడులు, నాలుగుల దగ్గర బావకూ నాకూ ఇంకా పడదు. ఆయన పెంచమంటాడు.

నిన్న రాత్రి చివరికి పంచే స్థానం నా దగ్గరికి వచ్చింది. నా ఎడమపక్కన అక్కది చిన్న బ్లైండు, ఆ పక్కన బావది పెద్దది. పోస్టుమాస్టరు గారు పెంచారు, అన్నయ్య వేశాడు. మేనల్లుడు, ఆ పక్కన కొబ్బరి వ్యాపారం చేసే ఆయన, నేను వరసగా పడేశాం. అక్క తన ముక్కలు చూసుకుంది. పళ్లెం వైపు ఒకసారి చూసింది. నేను ఆటలో లేను కాబట్టి చెయ్యి అడ్డం పెట్టి నాకొక్కడికే చూపించింది. రెండు రెండులు. వాటిని బోర్లించి ముందుకు తోసింది.

ఫ్లాప్ తెరిచాను. పది, ఆరు, ఆఠీను రెండు.

నేను అక్క ముఖం చూశాను. ఆమె ఆ రెండును చూసింది, తర్వాత పోస్టుమాస్టరు గారు ఏం కడతారా అని ఆయన చేతివైపు చూసింది. ఆట ముగిసి ఆయన పళ్లెం తన వైపు లాక్కున్నాక, తర్వాతి పంపకం తనదే కాబట్టి అక్క పేక అందుకుని కలపడం మొదలుపెట్టింది.